నమూనాలు వాళ్ళవి, ప్రశ్నలు మనవి

(వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) చెప్పారు. అప్పట్లో ఆ క్లాసంటే సగం మంది క్యాంటీన్లో ఉండేవాళ్ళు. ఆయన అదేమీ పట్టించుకోకుండా ఉన్నవాళ్ళతోనే మాట్లాడేవారు. ఎవరైనా సర్వే ఫారం తయారుచేసి తీసుకెళ్తే అందులోని లెక్కలూ పట్టికలూ చూసేముందు ఒక మాట అడిగేవారు: "ఈ ప్రశ్న ఎవరికి కావలసిందయ్యా, నీకా, ఆ ఊరివాళ్ళకా?" నాకు ఆయన దగ్గర అబ్బిన చదువులో చాలా భాగం ఈ ఒక్క మాటే. ఇవాళ్టి విషయం కూడా అందులోంచే తీసుకున్నాను.

ఆరోగ్య పరిశోధనను వృత్తిగా చేసుకున్నవాళ్ళలో ఆదివాసులు ఎందుకింత తక్కువ, ఎక్కువ మంది రావాలంటే ఏం చేయాలి అన్నది ఆ విషయం. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డు తెగలవారు దేశం మొత్తం మీద 8.6 శాతం, పది కోట్ల పైమాటే. తెలంగాణలో తొమ్మిది శాతం దాటి, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు శాతం దాటి ఉన్నారు. వాళ్ళ మీద పరిశోధనకు ఏనాడూ కొదవ లేదు. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్, గాయిటర్, పిల్లల ఎత్తూ బరువూ, జన్యువులూ... ఏజెన్సీ గూడేల మీద మన కాలేజీల్లో పుట్టిన థీసిస్‌లతో ఒక గది నింపొచ్చు. వాటిని రాసిన గోండులెవరు, కోయలెవరు, సవరలెవరు, చెంచులెవరు అని అడిగితే మాత్రం ఈ హాల్లో ఎవరికీ వెంటనే ఒక పేరు నోటికి రాదు.

ఇది ఉద్యోగాల వాటాకు సంబంధించిన గొడవ అనుకునేవాళ్ళున్నారు. వాటా సంగతి ఉంది, దాన్ని దాచను. కానీ దానివల్ల పరిశోధన కూడా చెడుతోందని నా వాదన. అందుకు మన కళ్ళముందే జరిగిన ఉదాహరణ ఖమ్మం.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు. గేట్స్ ఫౌండేషన్ డబ్బు. ఇక్కడ సుమారు 14 వేల మంది పిల్లలు, గుజరాత్‌లోని వడోదరలో సుమారు పది వేల మంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. కేంద్రం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు తేల్చలేదు. టీకా మంచిదే; ప్రపంచంలో చాలా దేశాలు వాడుతున్నాయి. నా మనవరాళ్ళకు నేనే వేయించాను. తేడా వచ్చింది అంగీకార పత్రాల దగ్గర. ఖమ్మంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లీ తండ్రీ కాదు, హాస్టల్ వార్డెన్లు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా "నిబంధనలు పాటించలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిబంధనలు రాసినవాళ్ళకు ఆశ్రమ పాఠశాల అంటే ఏమిటో తెలియదన్నది అసలు సంగతి. తల్లిదండ్రులు ముప్పై నలభై కిలోమీటర్ల అవతల గూడెంలో ఉంటారు. పిల్ల పండక్కో కోతలకో ఇంటికి వెళ్తుంది. జ్వరమొస్తే, జడకు రిబ్బను కావాలంటే, ఇంటికి పంపాలంటే అన్నిటికీ వార్డెనే. ఆ హాస్టల్లో పెరిగిన మనిషి ఒక్కరు ప్రోటోకాల్ రాసే బల్ల దగ్గర కూర్చుని ఉంటే మొదటి సమావేశంలోనే నోరు విప్పేవారు: "సార్, పిల్లలు సెలవులకు ఇళ్ళకు వెళ్ళేముందు కాగితం ఇచ్చి పంపండి, లేకపోతే మనమే సంతకాలు పెట్టుకోవలసి వస్తుంది" అని. అంత చిన్న మాట. దానికి డాక్టరేట్ అక్కర్లేదు, కానీ ఆ మాట అనేచోట కూర్చోవాలంటే మాత్రం డాక్టరేట్ కావాలి.

ఇక సికిల్ సెల్. మన దేశంలో ఈ వ్యాధిని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల్లోని తెగల్లో. హెర్మన్ లేమన్, మారీ కట్‌బుష్ అనే ఇద్దరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ రోజుల్లో ఈ లక్షణం కోసం వెతకడంలో పెద్ద భాగం జాతుల పుట్టుపూర్వోత్తరాల మీది ఆసక్తి: ఈ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు, ఆఫ్రికాతో చుట్టరికం ఉందా అని. కీళ్ళు పీకుతూ రాత్రంతా ఏడ్చే పిల్లకు ఏం చేయాలన్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు గానీ ముందుకు రాలేదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. నలభై ఏళ్ళలోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి వ్యాధిని లేకుండా చేయాలని లక్ష్యం. మధ్యలో డెబ్బయ్యొక్క ఏళ్ళు గడిచిపోయాయి. అదే డెబ్బయ్యొక్క ఏళ్ళలో ఈ జబ్బు ఇళ్ళలో ఉన్న తెగల నుంచి హెమటాలజిస్టులు ఓ యాభై మంది వచ్చి ఉంటే ఇంత ఆలస్యం అయ్యేదా అని నాకు అనిపిస్తుంది. రుజువు చేయలేను.

రుజువు కాదుగానీ, దగ్గరి పోలిక ఒకటి ఉంది. మన మత్తు డాక్టర్లందరికీ తెలిసిన విషయం. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు తొందరగా విరగదు. గంటల తరబడి ఊపిరి అందదు. అందుకే ఇక్కడి మత్తు డాక్టర్లు పేషెంటును "మీరు వైశ్యులా?" అని మొహమాటం లేకుండా అడుగుతారు. ఆ ఎంజైమ్ లోపానికి మూలమైన జన్యు మార్పు ఈ సముదాయంలో ఎందుకింత ఎక్కువో మన సీసీఎంబీ శాస్త్రజ్ఞులూ, హార్వర్డ్ వాళ్ళూ కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వివరించారు. తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు జరిగితే ఇలాంటివి పేరుకుంటాయి. మంచి పరిశోధన. కానీ ఆ సముదాయంలో డాక్టర్లున్నారు, సంఘాలున్నాయి, ఆపరేషన్ బల్ల మీద ఏం జరిగిందో నలుగురికీ చెప్పుకునే నోరుంది. ఆ ప్రశ్న ప్రయోగశాలదాకా నడిచివెళ్ళడానికి దారి ఉందన్నమాట. కొలాముల్లో, తోటీల్లో ఇలాంటి లోపం ఇంకేదైనా ఉంటే ఎవరు చూస్తారు? ఎవరి దృష్టికి తెస్తారు? పీహెచ్‌సీలో కేసు షీట్ మీద "అకస్మాత్తుగా మరణం" అని రాసి ఊరుకుంటాం.

ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో జరిగిన స్క్రీనింగ్ క్యాంపు సంగతి చెప్తాను. సాల్యుబిలిటీ టెస్ట్ మీలో చాలామంది చేసే ఉంటారు. చిన్న గొట్టంలో బఫర్, అందులో వేలి చివర నుంచి తీసిన రక్తపు చుక్క. కాసేపాగి గొట్టాన్ని నల్లగీతలు గీసిన కాగితం ముందు పెడతాం. గీతలు కనిపిస్తే ఫర్వాలేదు. ద్రవం మసకబారి గీతలు కనపడకపోతే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. అది వాహకమా, వ్యాధా అన్నది ఈ పరీక్ష చెప్పదు. దానికి ఎలక్ట్రోఫొరెసిస్‌కో, హెచ్‌పీఎల్‌సీకో పంపాలి. ఆ రోజు గొట్టాలు చూస్తున్నది ఒక గోండు యువకుడు, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివినవాడు, ప్రాజెక్ట్ అసిస్టెంటు. ఒక ఎనిమిదో తరగతి పిల్ల గొట్టంలో గీతలు మాయమయ్యాయి. ఫారంలో ఒక గడి ఉంది: "తల్లిదండ్రులది మేనరికమా? అవును / కాదు." అతను ఆ గడి నింపి ఊరుకోలేదు. పిల్లతో గోండీలో మాట్లాడాడు. మీది ఏ సగ, మీ అమ్మది ఏ సగ, పెద్దమ్మను ఏ ఊరికి ఇచ్చారు అని అడుగుతూ పోయాడు.

ఆదిలాబాద్ గోండుల్లో నాలుగు సగలున్నాయి: నలుగురన్నదమ్ములది, అయిదుగురిది, ఆరుగురిది, ఏడుగురిది అని. ఒకే సగలో పెళ్ళి చేసుకోరు. మేనత్త, మేనమామ పిల్లలను చేసుకోవడం ఉంది. కాబట్టి ఏ ఇంటి పిల్లలు ఏ ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్తారో, ఈ లక్షణం ఏ ఊళ్ళ వెంట నడుస్తోందో ఆ లెక్క తెలిసినవాడికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ అబ్బాయి ఫారం తిప్పి వెనకవైపు పెన్సిల్‌తో వంశవృక్షం గీశాడు. ఎవరెవరిని వెంటనే పరీక్షించాలో పేర్లకు చుట్టూ సున్నాలు చుట్టాడు. పద్ధతి ప్రకారం చెప్పాలంటే అతను చేసింది క్యాస్కేడ్ స్క్రీనింగ్. హెమటాలజీ పాఠ్యపుస్తకంలో ఉన్న పనే, కాకపోతే ఆ పుస్తకంలో సగ ఉండదు.

నెల తర్వాత ఆ ఫారాలు డేటా ఎంట్రీకి వెళ్ళాయి. ముందువైపు ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కింది. వెనకవైపు ఎక్కించడానికి కాలమ్ లేదు.

ప్రాజెక్టు గడువు ముగిసింది. ఆ అబ్బాయి కాంట్రాక్టూ దానితోపాటే ముగిసింది. వచ్చిన పేపర్‌లో చివర "క్షేత్రస్థాయి సిబ్బందికి కృతజ్ఞతలు" అన్న వాక్యంలో అతనున్నాడు, పేరు లేకుండా. ఇప్పుడు మంచిర్యాలలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రక్తం తీస్తున్నాడు. జీతం ప్రాజెక్టులో ఇచ్చినదానికంటే నయమేనని అన్నాడు.

ఆదివాసీ పరిశోధకులు లేరని మనం వెతుక్కుంటున్నాం. ఉన్నారు. కోల్డ్ బాక్స్ మోసే దగ్గర ఉన్నారు, అనువాదం చేసే దగ్గర ఉన్నారు. గోండు పెద్దల సభ అయిన రాయి సెంటర్‌కు వెళ్ళి, దాని పెద్ద సార్మేడితో మాట్లాడి మన జీపు ఊళ్ళోకి రావడానికి ఒప్పించే దగ్గర ఉన్నారు. అక్కడి నుంచి పైమెట్టు లేదు. నిచ్చెనకు అడుగుమెట్టు ఒక్కటే బిగించి, పైవాటిని విప్పి దాచుకున్నాం.

ఎక్కడెక్కడ విప్పామో చూద్దాం. మొదటిది, ఉత్తర్వుల్లోనే ఉంది. 1975 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పరిశోధన చేసే, చేయించే శాస్త్ర సాంకేతిక పదవులకు గ్రూప్-ఏలో మొదటి మెట్టు దాటాక రిజర్వేషన్ మినహాయించవచ్చు. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పులోనూ పరిశోధన సంస్థల్లోని కొన్ని పదవుల గురించి, వైద్యంలో సూపర్ స్పెషాలిటీల గురించి ఇలాంటి ధోరణే ఉంది. అంటే ఎమ్మెస్సీ సీటుదాకా, ఎంబీబీఎస్ సీటుదాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సరిగ్గా ప్రశ్నలు తయారయ్యే గది గుమ్మం దగ్గర వదిలేస్తున్నాం. దానికి 'ప్రతిభ' అని పేరు. ఫలితం అంకెల్లో కనిపిస్తూనే ఉంది. యువ శాస్త్రవేత్తలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌లలో 2016 నుంచి 2020 వరకు ఎస్టీలకు దక్కింది ఒక్క శాతం కూడా లేదని నేచర్ పత్రిక 2023 జనవరిలో లెక్కలతో రాసింది. జనాభాలో 8.6, అక్కడ ఒకటి కంటే తక్కువ.

రెండోది డబ్బు. ఎస్టీ విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. మంచి పథకం, కాదనను. కానీ ఆ డబ్బు నెలల తరబడి ఆగిపోవడం మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. నాన్న బ్యాంకు ఉద్యోగి అయిన స్కాలర్‌కు ఆరు నెలల ఆలస్యమంటే చికాకు. నాన్న పోడు సేద్యం చేసే స్కాలర్‌కు అదే ఆరు నెలలంటే హాస్టల్ మెస్ బాకీ, ఇంటికి పంపాల్సిన డబ్బు, ఊళ్ళో గురుకులం టీచర్ పోస్టుల నోటిఫికేషన్. తెలివైన పిల్ల ఏం చేస్తుంది? టీచర్ ఉద్యోగానికి రాస్తుంది. నేనైనా అదే చేస్తాను. దాన్ని 'పరిశోధనపై ఆసక్తి లోపించడం' అని రిపోర్టుల్లో రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మూడోది కాలేజీల్లో పలకరింపులు. పేరు పక్కన ర్యాంకు అడగడం, కోటానా అని నవ్వుతూ అడగడం. 2019 మేలో ముంబయిలో పాయల్ తడ్వి అనే భిల్లు తెగకు చెందిన యువ వైద్యురాలు, గైనకాలజీ పీజీ చేస్తూ ప్రాణం తీసుకుంది. అంతకుమించి ఈ సభలో చెప్పనక్కర్లేదు. హౌస్ సర్జన్లు ఇక్కడే ఉన్నారు, వాళ్ళ హాస్టళ్ళలో ఏం జరుగుతుందో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

నాలుగోది కాస్త లోతైనది. దీనికి అమెరికా దాకా వెళ్ళాలి. అక్కడ ఎన్ఐహెచ్ అనే సంస్థ ఆరోగ్య పరిశోధనకు ప్రపంచంలోకెల్లా పెద్ద మొత్తాలు ఇస్తుంది. 2011లో డోనా గింథర్ బృందం సైన్స్ పత్రికలో ఒక లెక్క తేల్చింది. చదువు, శిక్షణ, ప్రచురణలు అన్నీ సరిసమానంగా సర్దిచూసినా, నల్లజాతి శాస్త్రవేత్తల దరఖాస్తులకు గ్రాంటు వచ్చే అవకాశం తెల్లవాళ్ళ కంటే పది శాతం పాయింట్లు తక్కువని. సరే, వివక్ష అనుకున్నారు. 2019లో ఇంకో అధ్యయనం ఆ తేడాను విడదీసి చూసింది. అందులో ఐదోవంతుకు పైగా, దరఖాస్తుదారులు ఎంచుకున్న విషయం వల్లేనని తేలింది. నల్లజాతి పరిశోధకులు జనం మధ్య జరిగే ఆరోగ్య అధ్యయనాలను ఎక్కువగా ఎంచుకుంటున్నారు. గ్రాంట్లిచ్చే కమిటీలకు కణాలూ అణువులూ ఎక్కువ ఇష్టం.

ఈ సంగతి మన దగ్గరికి తెచ్చి ఆలోచించండి. పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె పరిశోధకురాలైందనుకుందాం. ఆమె ఏ ప్రశ్న పట్టుకుంటుంది? నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే దారిలో ఎక్కడ ఎంతసేపు పడుతోంది, ఏ గంటలో ప్రాణం పోతోంది అన్నది పట్టుకుంటుంది. వైవాక్స్ మలేరియాకు పద్నాలుగు రోజులు మింగాల్సిన ప్రైమాక్విన్ మాత్రలు నాలుగో రోజుకే ఎందుకు ఆపేస్తున్నారన్నది పట్టుకుంటుంది. ఆ మందు జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళలో రక్తకణాలను చిట్లగొడుతుంది. ఒంట్లో తేడా చేసి ఆపేసినవాళ్ళెవరో, బద్ధకించి ఆపేసినవాళ్ళెవరో విడదీసి చూడాలంటే గూడెంలో కూర్చుని మాట్లాడాలి. ఇవి కమిటీలో పెద్దలకు 'చిన్న' విషయాలు, 'సర్వే' విషయాలు. ఆమె దరఖాస్తు కింద పడుతుంది. కాబట్టి మనుషుల్ని తెస్తే చాలదు, వాళ్ళు తెచ్చే ప్రశ్నలకు మార్కులేసే పద్ధతి కూడా మారాలి.

ఇందులోనే ఒక చిక్కుంది. ఆదివాసీ పరిశోధకులు ఆదివాసీ ఆరోగ్యం మీదే పని చేయాలని నేను అనడం లేదు. ఒక కోయ కుర్రాడికి సీసీఎంబీలో జీబ్రా చేపల గుండె మీద పని చేయాలని ఉంటే చేయనివ్వండి. "మీవాళ్ళ మీద ఏదైనా చేయరాదూ" అని గైడు అనడం కూడా ఒకరకం అదుపే. అలాగే, పుట్టుకతోనే ఎవరూ మంచి పరిశోధకులు కారు. గోండు అయినంతమాత్రాన చెంచుల సంగతి తెలియదు; నగరంలో పెరిగిన ఎస్టీ డాక్టరుకు గూడెం కొత్తే. ఇంకా మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఎస్టీ అన్న ఒక్క గడిలో ఉన్నవాళ్ళంతా ఒకే మెట్టు మీద లేరు. తెలంగాణలో ఆ కోటాలో ఎవరు ముందున్నారు, ఎవరు వెనకబడ్డారు అన్న గొడవ ఆదిలాబాద్‌లో రోడ్డెక్కిందే. నేను ఆ గొడవలో తీర్పరిని కాను. కానీ కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి తెగల పిల్లలు పరిశోధన దాకా రావాలంటే ఉమ్మడి లెక్కలు చాలవన్నది కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది.

మరి ఎక్కడైనా ఈ పని జరిగిందా? జరిగింది, ముక్కలు ముక్కలుగా.

అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ శాఖలో 1988లో మేయరాఫ్ స్కాలర్స్ అనే కార్యక్రమం మొదలైంది. నల్లజాతి పిల్లలు సైన్స్ డిగ్రీల్లో చేరి మధ్యలో జారిపోతున్నారని గమనించి ఫ్రీమన్ రబౌస్కీ అనే గణితం ఆచార్యుడు మొదలుపెట్టారు. వాళ్ళ సూత్రం పెద్దదేం కాదు. పిల్లల్ని ఒక్కొక్కరిగా చేర్చుకోరు, జట్టుగా చేర్చుకుంటారు. క్లాసులు మొదలవడానికి ముందు వేసవిలోనే కలిపి చదివిస్తారు. ల్యాబ్‌లోకి తొందరగా పంపిస్తారు. మార్కులు తగ్గితే పిలిచి కూర్చోబెడతారు. మోడెర్నా కోవిడ్ టీకా వెనక పనిచేసిన ఎన్ఐహెచ్ బృందంలోని కిజ్మెకియా కార్బెట్ ఆ బడిలో చదివినామే. మన గురుకులాల్లో పిల్లల్ని జట్టుగా పైకి తెచ్చిన అనుభవం మనకూ ఉంది. డిగ్రీ తర్వాత ఆ జట్టును ఎందుకు విడగొడుతున్నామన్నది నా ప్రశ్న.

అమెరికా ఆదిమ తెగల అనుభవం ఇంకా దగ్గరిది. అరిజోనాలోని హవసుపాయ్ తెగవారు మధుమేహం మీద పరిశోధన అంటే నమ్మి 1990 నుంచి రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను స్కిజోఫ్రీనియా మీద, తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్నదాని మీద కూడా వాడారు. ఆ సంగతి ఎలా బయటపడిందో చూడండి: 2003లో తెగకు చెందిన కార్లెటా టిలూసీ అనే ఆమె అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక పీహెచ్‌డీ వైవాకు వెళ్ళి కూర్చుంది. తమ రక్తం గురించి మాట్లాడుతుంటే లేచి, దీనికి మీకు అనుమతి ఉందా అని అడిగింది. 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చింది. ఆ హాల్లో తెగ మనిషి ఒకామె ఉండబట్టి గదా! అక్కడ ఇంకో ఏర్పాటు కూడా వచ్చింది: ఆరోగ్య పరిశోధన గ్రాంటును విశ్వవిద్యాలయానికి కాకుండా నేరుగా తెగల సంస్థలకు ఇచ్చే నార్చ్ అనే పథకం. విశ్వవిద్యాలయమే తెగ దగ్గరికి భాగస్వామిగా వెళ్ళాలి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో వాళ్ళే ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలో చెప్తారు. మన ఐటీడీఏ ఖాతాలోకో, గ్రామసభ అజమాయిషీలో ఉన్న సంస్థకో సికిల్ సెల్ పరిశోధన గ్రాంటు పడిందనుకోండి, ఆ ఎమ్మెస్సీ అబ్బాయి మంచిర్యాల వెళ్ళేవాడా?

ఇక్కడ ఒక పక్కమాట. మన తెలుగు పిల్లలు వేలమంది అమెరికా ల్యాబుల్లో ఉన్నారు. అక్కడి లెక్కల్లో ఆసియావాళ్ళు పరిశోధనలో తక్కువగా ఉన్న వర్గం కాదు. అయినా అక్కడ వైవిధ్యం మీద జరిగే శిక్షణలకు కూర్చున్నారు, ఆ భాష నేర్చారు. 2025లో అక్కడి ప్రభుత్వం ఆ కార్యక్రమాలకూ గ్రాంట్లకూ కత్తెర వేస్తే బాధపడి పోస్టులు పెట్టారు. వాళ్ళలో ఎందరు సెలవులకు వచ్చినప్పుడు తమ పాత కాలేజీలో ఎస్టీ స్కాలర్ ఒకరైనా ఉన్నారా అని అడిగారో తెలుసుకోవాలని నాకు కుతూహలం.

మన పొరుగునే గడ్చిరోలి ఉంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్ళలోని ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఇళ్ళలోనే పసిగుడ్డులను కాపాడే పద్ధతి పరీక్షించారు. 1999లో లాన్సెట్‌లో వచ్చింది: ముప్పై తొమ్మిది ఊళ్ళలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఊపిరి లెక్కపెట్టడం, బరువు తూచడం, ఇంజెక్షన్ ఇవ్వడం, రాయడం అన్నీ ఆ ఊరి ఆడవాళ్ళే. ఇవాళ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి పసిబిడ్డలను చూడటానికి మూలం ఆ పని. అంత నమ్మకంగా డేటా రాయగలిగినవాళ్ళు ఒక తరం తర్వాత సొంతంగా అధ్యయనం రూపొందించలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీలగిరిలోని గూడలూరులో ఆదివాసీ ఆసుపత్రిని 1990 నుంచి అశ్విని అనే సంస్థ నడుపుతోంది. అక్కడ నర్సులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా తయారైంది ఆ తెగల అమ్మాయిలే. ఏ నీలగిరి తెగల రక్తంలో 1952లో సికిల్ సెల్ చూశారో, ఆ తెగల మనుషులే ఇప్పుడు సికిల్ సెల్ రోగులను చూసుకుంటున్నారు.

మనకూ పూర్వం ఒక దారి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం కాల్పుల్లో చనిపోయాక, నిజాం ప్రభుత్వం మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. గోండీలో వాచకాలు తయారయ్యాయి. బడి చదువు లేనివాళ్ళను పంతుళ్ళు చేయడమేమిటని అప్పటి అధికారుల్లో నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. ఇవాళ ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. పాడేరులో మెడికల్ కాలేజీ వచ్చింది. ములుగులో, విజయనగరంలో గిరిజన విశ్వవిద్యాలయాలున్నాయి. తార్నాకలో ఎన్ఐఎన్, హబ్సిగూడలో సీసీఎంబీ. ఇన్ని తలుపులు దేశంలో చాలాచోట్ల లేవు.

ఏం చేయాలన్నది నాకు తోచినంత చెప్తాను. ఏజెన్సీలో జరిగే ప్రతి ప్రాజెక్టు బడ్జెట్‌లో క్షేత్ర సిబ్బంది జీతం పక్కనే వాళ్ళ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కో, ఎంపీహెచ్ ఫీజుకో ఒక పద్దు ఉండాలి. ఆ పద్దు లేని ప్రతిపాదనను ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపాలి. ఎథిక్స్ కమిటీల్లో బయటి సభ్యుడి కుర్చీ ఎలాగూ ఉంటుంది. అందులో రిటైర్డ్ తహసీల్దారునే ఎందుకు కూర్చోబెట్టాలి? పేపర్ మీద పేరు పెట్టే విషయం ముందే రాసుకోవాలి, అధ్యయనం అయ్యాక కాదు. 1975 నాటి ఉత్తర్వు సంగతి మనలాంటి సంఘాల చేతిలో లేదు, కానీ దాని గురించి అడగడం చేతిలో ఉంది. న్యూజిలాండ్‌లో ఆరోగ్య పరిశోధన మండలికి 1990 చట్టంలోనే మావోరీ ఆరోగ్య కమిటీ పెట్టారు. మావోరీ విద్యార్థులకు వేసవి ప్రాజెక్టు నుంచి పోస్ట్‌డాక్ దాకా వరస తప్పని అవార్డులున్నాయి. వరస తప్పకపోవడం ముఖ్యం. మన పథకాలు ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఏడాది గ్యాప్ ఇస్తాయి. పేదవాడి చదువు ఆ గ్యాప్‌లోనే పోతుంది.

చివరగా మన సంఘం సంగతి. మాస్టారి పేరు మీద ఏటా ఈ ఉపన్యాసానికి హాలు అద్దె, శాలువాలు, మెమెంటోలు, మధ్యాహ్నం భోజనాలు కలిపి ఎంతవుతుందో కోశాధికారి నాకు చూపించారు. నాకిచ్చే శాలువాతో సహా ఆ మొత్తాన్ని వచ్చే ఏడాది నుంచి ఒక చేబదులు నిధిగా పెడదామని నా ప్రతిపాదన. రెండు రాష్ట్రాల్లో వైద్య, జీవశాస్త్రాల్లో పీహెచ్‌డీ చేస్తున్న ఆదివాసీ స్కాలర్‌కు ఫెలోషిప్ ఆగిన నెలల్లో ఈ నిధి నుంచి అంత డబ్బూ ఇస్తాం. ఆగిన ఫెలోషిప్ చేతికందాక తిరిగి కడతారు, వడ్డీ లేదు, హామీదారు అక్కర్లేదు. దరఖాస్తు ఒక పేజీ. గైడు సంతకం వద్దు, ఎందుకో మీకు తెలుసు. ఉపన్యాసం క్యాంటీన్లోనైనా పెట్టుకోవచ్చు, మాస్టారికి అభ్యంతరం ఉండదు. సాయంత్రం నాలుగింటికి కార్యవర్గ సమావేశంలో ఇది మూడో అంశం. ఉండగలిగినవాళ్ళు ఉండండి.